గొంగడిల ఈల

ఈ ముచ్చట నాకు ముందుగాల చెప్పింది మా మేనత్త సైదమ్మ. ఆమెకూ నాకూ మాటల్లేక ఏండ్లాయె. అయినా ఆమె నోట అబద్ధం రాదు, ఆ మాట ఒప్పుకుంట.

గుర్వయ్య జాతరలు తిరిగి గొంగళ్లు అమ్మేటోడు. తెల్లారంగనే మూటలు విప్పుడు, పరుసుడు, దులుపుడు బిడ్డ గోపమ్మ పని. కొత్త ఉన్ని నీళ్లు తగలనంత కాలం చుట్టుపక్కల సప్పుడు పట్టుకుంటది, దులిపినప్పుడల్ల వినిపిస్తది. అందుకే కొనేటోళ్లు చెవి కాడ దులిపి చూసి, "ఈ గొంగడిల మేకలు మస్తు అరుస్తున్నయి, ధర తగ్గియ్యి" అనేటోళ్లు.

గా రోజులల్ల కరెంటు గిటార్ బాలస్వామి అంటే జనం పడి సచ్చేటోళ్లు. జనరేటర్ బండి ముందు, ఆయన ఎనుక. తన వాయింపు ఏ మిషన్ల రికార్డు చెయ్యనియ్యడు. గొంగళ్లను ఎవలాపుతరు? గోపమ్మ స్టేజీ పక్కన్నే కొత్తది పరిచేది. అది ఇగ అమ్మకానికి రాదు. యాదగిరిగుట్ట గొంగడిల స్టేజీ రేకుల మీద వాన కురుస్తది, ఆత్మకూర్ గొంగడిల తీగ తెగుతది.

"అమ్మే సరుకు దాస్తె బువ్వెట్ల బిడ్డా?"

"ఇది సరుకా బాపూ? ఆత్మకూర్ జాతర!"

అన్నిట్ల వాయింపు అయిపోంగనే ఒకటే ఈల. అది మందను మలిపే ఈల. కాపరి కాపరికి ఈల వేరే, పరాయి ఈలకు గొర్రె చెవి గూడ ఆడియ్యదు. ఎవలో తన లెక్కనే బాలస్వామి ఎంట ఊరూరు తిరుగుతుండు! గోపమ్మ గుండె దరువేసింది. మంద కనవడ్డకాడల్ల గొంగడి దులిపి చూసేది. ఒక్క గొర్రె తలెత్తలే.

గంతల గుర్వయ్య సంబంధం చూసిండు. పెండ్లికొడుకు ఐలేశం, కలిగినోడు. గొంగళ్లు చూసి, "ముందు ఇవి ఉతుకుండ్రి, కంపు" అన్నడు. మాట ఖాయం చేసెటందుకు గుర్వయ్య బయలెల్లిండు. ఇంట్ల ఉంటె అవ్వ ఉతుకుతదని గోపమ్మ మూట నెత్తిన బెట్టుకొని నార్కట్‌పల్లి దాక ఎంటబడ్డది.

బస్సు దుమ్ము కనవడ్డది. అదే యాల్లకు రోడ్డు మీదికి ఒక మంద వచ్చింది.

"జర ఆగు బాపూ!" అని ఆత్మకూర్ గొంగడి తీసి ఒక్క దులుపు దులిపింది. గిటార్ మోగింది, తీగ తెగింది, ఈల లేసింది.

మంద మొత్తం గిర్రున మల్లింది. గొర్లన్ని గోపమ్మ మీదికి ఏరు లెక్క వచ్చినయి. లారీలు ఆగినయి, బస్సూ ఆగింది. ఎనుక ఒక పిలగాడు కర్ర పట్టుకొని ఉరికొచ్చిండు.

"ఎవలే నా ఈల ఏసింది?"

"నువ్వే ఏసినవ్!" అని గోపమ్మ మళ్ల దులిపింది.

వాని కోపం ఎటువోయిందో ఏమో. "అరే, ఆత్మకూర్ది! తీగ తెగింది గద! నల్లగొండల దూరాన నిలవడ్డ, వాయింపు సక్కగ వినవడలే, అది నీ దగ్గరున్నదా?"

"ఉన్నది. గాలి మస్తున్నది గని, వాయింపు సాఫ్."

ఇద్దరు నడిరోడ్డు మీద కూసొని మూట విప్పిండ్రు. కండక్టర్ అరిచిండు, "పెద్దమనిషీ, ఎక్కుతవా లేదా?"

గుర్వయ్య బిడ్డ మొకం చూసిండు. బస్సును పొమ్మని చెయ్యూపి, పిలగాని దిక్కు మల్లిండు.

"నీ పేరేంది? ఎవరి కొడుకువు?"

"బీరన్న. దుర్గయ్య కొడుకును."

ఆ యేడే పెండ్లయింది. గని లారీ హారన్‌కు బెదిరి గొర్లు మల్లినయని నార్కట్‌పల్లి హోటలాయన ఇప్పటికీ చెప్తుండు. అటు పొయ్యేటోళ్లు ఎవలన్న ఆయనకు చెప్పుండ్రి: బెదిరిన గొర్రె దూరం ఉరుకుతది, మనిషి కాడికి రాదు.