కుట్టు విప్పిన సంచీ

దుబాయి వెళ్ళే మోహనకృష్ణను విమానాశ్రయానికి తీసుకెళ్ళడానికి ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది. అప్పుడు తెచ్చింది మేనత్త దాలమ్మ ఒక గుడ్డసంచీ, మూతి గోనెదారంతో బిగించి కుట్టి.

“ఒరే, అక్కడున్న మీ సోములు బావకి ఇచ్చీ. ఎండు నెత్తళ్ళూ, రొయ్యపొట్టూ.”

మోహనకృష్ణ చెయ్యి చాపాడు. మధ్యలో అతని అక్క ఈశ్వరి సంచీ అందుకుని అరుగు మీద పెట్టింది.

“ఇప్పి సూసి పెట్టెలో ఎడదాం అత్తా.”

ఆ పల్లెలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల ఈశ్వరి. విశాఖ విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసే ఉద్యోగం. తండ్రి సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాకపోతే, చేపల తట్ట నెత్తినెత్తుకుని అక్కాతమ్ముళ్ళిద్దరినీ సాకింది దాలమ్మే.

“ఏటే? నేను బాంబెట్టినాననా? నా సేతి కూడు తిన్న గుంట నన్నే సోదా సేస్తాది, సూడండ్రా!”

“నీ కూడు తిన్నాను గనకే అడుగుతన్నాను.”

“ఒగ్గీయే అక్కా, పరువు తియ్యకు,” అన్నాడు తమ్ముడు.

ఈశ్వరి కదల్లేదు. శిక్షణలో కనిష్క విమానం సంగతి చెప్పిన రోజు ఆమెకు ముద్ద దిగలేదు. పెట్టె ఎక్కింది, పెట్టె తాలూకు మనిషి ఎక్కలేదు. పెట్టెలో బాంబు. మూడు వందల మందికి పైగా సముద్రంలో కలిసిపోయారు. సముద్రం మింగినవాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా? ఆ ఇంట్లోనే పెరిగింది. తమ్ముణ్ణి కూడా పోగొట్టుకోదు. అత్త అలిగితే అలగనీ.

“ఎనభై ఆరులో, లండన్‌లో, ఒక పిల్ల అత్తా. కడుపుతో ఉంది. పెళ్ళాడతానన్నోడే సంచీ సేతికిచ్చి ఇమానం ఎక్కమన్నాడు. అడుగున బాంబు. ఆ పిల్లకి తెల్దు. అక్కడ తనిఖీవోళ్ళు సంచీ ఇప్పి సూసినారు గనక దొరికింది.”

దాలమ్మ కోపం కాస్త తగ్గింది. “కడుపుతో ఉన్నదానికా? సచ్చినోడు! బతికిందా మరి?”

“బతికింది. కూతుర్ని కన్నాది. ఎక్కాల్సిన జనమంతా బతికినారు.”

“అయితే ఆడూ నేనూ ఒకటేనేటే?”

“కాదు. ఇందులో అన్నీ నువ్వెట్టినవేనా?”

దాలమ్మ తడబడింది. “జగన్నాధం పెళ్ళాం, దుబాయిలో ఉన్న మొగుడికిమ్మని పొట్లం ఇచ్చింది.”

“ఏటుంది అందులో?”

“ఏటో. అడగనేదు.”

అన్నాక తనే సంచీ వంక అనుమానంగా చూసింది. లోపలికెళ్ళి కత్తి తెచ్చి దారం పరపరా కోసేసింది. నెత్తళ్ళు, రొయ్యపొట్టు అరుగంతా పరిచింది. పొట్లంలో చింతపండు, ఒక తాయెత్తు.

“సూసుకో! సల్లబడిందా నీ కడుపు?”

ఈశ్వరి సంచీ తిరగేసి, అడుగు తడిమి, అన్నీ సర్ది తనే మళ్ళీ కుట్టింది. తప్పయిందని మాత్రం అనలేదు. దాలమ్మ ముఖం తిప్పుకునే ఉంది.

ఇంతలో పక్కింటి అసిరయ్య మూత బిగించిన డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “ఒరే, మా అల్లుడికి ఆవకాయ!”

ఈశ్వరి నోరు తెరవకముందే దాలమ్మ అడ్డంగా నిలబడింది.

“మూత తియ్యి బావా.”

“ఏటి, నా మీదే అనుమానమా?”

“నా సంచీయే ఇప్పించేసింది ఈ గుంట. నీ డబ్బా ఏటి, దేవుడి పెసాదమా? తియ్యి, బేగి తియ్యి. అడుగు దాకా గరిటెట్టి కలుపు.”