పిచ్చుక చెప్పిన నాన్న

రేడియో స్టేషన్ మాజీ డైరెక్టరు గారు పోయిన నెలకి, ఆయన జ్ఞాపకార్థం గంటసేపు ఒక కార్యక్రమం చేయాలని స్టేషన్‌లో అనుకున్నారు. ఆ సంగతి చెప్పడానికి ఆయన ఇంటికి వచ్చింది పిచ్చుక.

పిచ్చుక అంటే ఆ స్టేషన్‌లో అందరికన్నా సీనియర్ అనౌన్సరు. యాభై దాటిన మనిషి. మొదటిసారి మైకు ముందు నిలబడ్డప్పుడు గొంతు పెగలక కిచకిచలాడిందని డైరెక్టరు గారు పెట్టిన పేరు అది. ఇప్పుడు ఆవిడ వార్తలు చదువుతుంటే ఊరు ఊరంతా చేతిలో పని ఆపి వింటుంది. పేరు మాత్రం పిచ్చుకగానే ఉండిపోయింది.

తలుపు తీసింది పాపాయి, డైరెక్టరు గారి ఒక్కగానొక్క కూతురు. నలభై దాటినా ఇంట్లో పాపాయే. రైల్వే స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు చెప్పే ఉద్యోగం ఆమెది. నాన్న పోయినప్పటి నుంచి భర్తనీ పిల్లల్నీ వాళ్ళింట్లో వదిలి అమ్మ దగ్గరే ఉంటోంది.

“రండి, కూర్చోండి,” అంది, అనకపోతే బాగుండదు కాబట్టి.

గదిలో మూడు కుర్చీలున్నాయి. పిచ్చుక కిటికీ పక్క కుర్చీని వదిలేసి, దానికి ఎదురుగా ఉన్న దాంట్లో కూర్చుంది. కిటికీ పక్కది నాన్నదని ఈవిడకెలా తెలుసు? అక్కడే పాపాయికి ఒళ్ళు మండింది.

“మీరు కూడా వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలండీ,” అంది పిచ్చుక. “మా సంగతులు మేం చెబుతాం. ఇంట్లో ఎలా ఉండేవారో మీరే చెప్పాలి.”

“మాకూ పెద్దగా తెలియదండీ.”

పాపాయి ఇచ్చిన టీ కప్పుని పిచ్చుక బల్ల మీద పెట్టేసింది. లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. “వస్తుందమ్మా, వస్తుంది. దాని మాటలకేంగానీ నువ్వు టీ తాగు.”

పాపాయి అన్నది వెటకారం కాదు. డైరెక్టరు గారు అనౌన్సరుగా చేరి మెట్టు మెట్టు ఎక్కి డైరెక్టరైన మనిషి. గొంతే తన ఆస్తి అనుకునేవాడు. పగలంతా స్టేషన్‌లో ఖర్చుపెట్టి, ఇంటికి రాగానే దాన్ని దాచుకునేవాడు. మంచినీళ్ళు కావాలన్నా సైగే. సాయంత్రం వార్తల వేళకి భోజనం బల్ల దగ్గర ఆయన చెయ్యి పైకి లేచేది. ఆ చెయ్యి లేచిందంటే గరిటె కూడా చప్పుడు చేయకూడదు. రేడియోలో పిచ్చుక గొంతు మొదలయ్యేది. వార్తలు అయ్యాక చెయ్యి దించి, “బాగా చదివింది,” అనో, “ఆ మంత్రి పేరు దగ్గర తడబడింది, రేపు చెప్పాలి,” అనో అనేవాడు. రోజు మొత్తంలో ఆయన ఇంట్లో పలికే పెద్ద వాక్యం అదే.

పాపాయి బళ్ళో పద్యాల పోటీలో మొదటి బహుమతి తెచ్చిన రోజు ఆయన “మంచిది” అన్నాడు. పిచ్చుకకి నిండు వాక్యం, తనకి ఒక్క మాట. ఆ లెక్క పాపాయి మనసులోంచి ఏనాడూ చెరగలేదు.

అమ్మ మాత్రం నవ్వేసేది. “సవతి పోరు పడలేమని లోకం ఏడుస్తుంది. నా సవతి నోరెత్తదు. ఇటుకలతో కట్టారు, పైన ఇనప టవరు పెట్టారు,” అనేది. పాపాయికి నవ్వొచ్చేది కాదు. తన సవతి ఇటుకలతో కట్టింది కాదు, గొంతున్న మనిషి.

చదువు అయ్యాక పాపాయి ఎవరికీ చెప్పకుండా రేడియోలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. గొంతు పరీక్షకి పిలుపు వచ్చింది. గాజు పలకకి అటువైపు ముగ్గురు కూర్చున్నారు. నడుమ నాన్న. చేతికిచ్చిన కాగితం ఆమె చదివింది. ఎక్కడా తడబడలేదు. వారానికి ఫలితాలు వచ్చాయి. ఆమె పేరు లేదు.

ఆ సాయంత్రం ఆయన భోజనానికి కూర్చుని ఉప్పు గిన్నె ఇటు జరపమని సైగ చేశాడు. పాపాయి జరిపింది. ఆయనేమీ చెప్పలేదు, ఆమె ఏమీ అడగలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికి రాదని అనుకుని, రైల్వే వాళ్ళ ప్రకటన చూసి అక్కడ రాసింది. తొలిసారికే తీసుకున్నారు. ప్లాట్‌ఫారం పైన చిన్న గాజు గది. రైలు వచ్చినప్పుడల్లా కప్పులో టీ వణికేది. నాన్న గొంతు వింటే జనం పొంగిపోయేవారు. ఆమె గొంతు వింటే, బండి ఇంకో గంట ఆలస్యమట అని తిట్టుకునేవారు.

రికార్డింగ్ రోజు పాపాయి వెళ్ళకూడదనే అనుకుంది. కానీ తను లేకుండా వాళ్ళంతా కలిసి నాన్నని పంచుకుంటారన్న ఊహ నిలవనివ్వలేదు. సెలవు పెట్టి వెళ్ళింది.

స్టేషన్ వరండా నిండా మనుషులు. రిటైరైన వయొలిన్ మాస్టారు, వ్యవసాయ కార్యక్రమాలు చేసే ఆయన, నాటకాల్లో అత్త వేషాలు వేసిన పెద్దావిడ. “నేనంటే ఆయనకి ప్రాణం,” అంటున్నాడు మాస్టారు. “నన్ను సొంత చెల్లెల్లా చూసుకున్నాడు,” అంటోంది పెద్దావిడ. గేటు దగ్గర కాపలా మనిషి కూడా, “రోజూ నా పిల్లల చదువులు అడిగేవారమ్మా, పేరుపేరునా,” అన్నాడు. ఒక్క మనిషికి ఇన్ని ప్రాణాలెక్కడివని పాపాయి లోపల్లోపలే ఉడికిపోయింది. తన పిల్లలు ఏ తరగతిలో ఉన్నారో ఆయనకి తెలుసో లేదో ఆమెకే తెలియదు.

పిచ్చుక వంతు వచ్చింది. గాజు పలకకి ఇవతల, మిషన్ల ముందు సౌండ్ ఇంజనీరు కూర్చున్నాడు. బట్టతల, నెమ్మదైన మనిషి. పాపాయికి పక్కన స్టూలు వేశాడు. ఎర్ర దీపం వెలిగింది.

“కొత్తలో నాకు మైకంటే వణుకు,” అని మొదలుపెట్టింది పిచ్చుక. “ఊళ్ళో వాళ్ళంతా ఒకేసారి నా మొహంలోకి చూస్తున్నట్టుండేది. ఒకరోజు సార్ వచ్చి, ‘అందరికీ చదవకు, ఒక్కరికి చదువు,’ అన్నారు. ‘ఎవరికండీ?’ అన్నాను. ‘నీ ఇష్టం. ఎవరూ తోచకపోతే మా పాపాయికి చదువు. భోజనం ముందు పెట్టుకుని దిక్కులు చూస్తూ ఉంటుంది. దాని చూపు ఇటు తిరిగేలా చదివావంటే నువ్వు గెలిచినట్టే,’ అన్నారు. అప్పటికి ఆ పిల్లని నేను చూడనైనా లేదు. అయినా ఆవేళ నుంచి ఇవాళ్టి దాకా ప్రతి వార్తా ఆ పిల్లకే చదివాను.”

ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాపాయికి మాత్రం కడుపులో మంట భగ్గుమంది. నాన్న ఈవిడకి మాటలు ఇచ్చాడు, నవ్వులు ఇచ్చాడు, మెళకువలన్నీ ఇచ్చాడు. ఆఖరికి నన్ను కూడా తీసుకెళ్ళి ఈవిడకే ఇచ్చేశాడు. నాకు మాత్రం నాన్న మిగల్లేదు.

తర్వాత ఆమెని లోపలికి పంపారు. రాసుకొచ్చిన కాగితంలో పద్ధతైన మాటలున్నాయి, క్రమశిక్షణ, నిజాయితీ, సేవ. మైకు ముందు కూర్చుని దాన్ని మడిచి పక్కన పెట్టింది.

“మా నాన్న ఇంట్లో మాట్లాడేవారు కాదు,” అంది. “ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. మా ఇంట్లో ఈగల మోత కూడా లేదు, అంత నిశ్శబ్దం. పొద్దుట్నుంచీ మీరందరూ ఎవరి గురించి చెబుతున్నారో నాకు తెలియడం లేదు. ఆ మనిషిని నేను చూడలేదు. ఇదే గదిలో నన్ను ఆయన ఫెయిల్ చేశారు. ఎందుకో చెప్పలేదు. నాకు మీ అందరి మీదా కుళ్ళు. అందరికన్నా ఎక్కువ, వార్తలు చదివే ఆవిడ మీద. ఇంతకన్నా నాకు చెప్పడానికి ఏమీ లేదు.”

ఎర్ర దీపం ఆరింది. బయటికి వచ్చేసరికి పిచ్చుక ఇంజనీరు పక్కన నిలబడి ఉంది.

“అది తీసేయండి. నోరు జారింది,” అంది పాపాయి.

“తీయను,” అంది పిచ్చుక. “మా అందరికన్నా మీరే సరిగ్గా మాట్లాడారు. కానీ ఒక్క మాట. నన్ను ఆయన మూడుసార్లు ఫెయిల్ చేశారు, తెలుసా?”

“మిమ్మల్నా?”

“ఫెయిలైన ప్రతిసారీ పిలిచి, ఎక్కడ పోయిందో చెప్పి, మళ్ళీ రమ్మనేవారు. నాలుగోసారికి గానీ లోపలికి రానివ్వలేదు.”

“నన్ను పిలవలేదు. మళ్ళీ రమ్మనలేదు.”

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. “మీరు పరీక్షకి వచ్చిన రోజు మిషన్ దగ్గర నేనే ఉన్నానమ్మా. బాగా గుర్తు. మీరు అచ్చం సార్ చదివినట్టే చదివారు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి తీయాలి, అంతా ఆయనే. మిగతా ఇద్దరూ తీసేసుకుందాం అన్నారు. సార్ ఒప్పుకోలేదు. ‘ఇది నా గొంతు. దాని గొంతు ఏదీ?’ అన్నారు.”

పాపాయి స్టూలు మీద కూర్చుంది. చిన్నప్పుడు నాన్న లేనప్పుడు గది తలుపు వేసుకుని, ఆయన లాగే చదివి చదివి నేర్చుకుంది. ఆయన నోట్లోంచి రాని మాటల్ని అలాగైనా తెచ్చుకుందామని.

“ఆ మాట నాతో అనొచ్చుగా,” అంది.

“అనొచ్చు. అనాల్సింది,” అంది పిచ్చుక. “మాతో అనేవారు. మీతో ఎందుకు అనలేదో నాకు తెలియదండీ. తెలిసినట్టు చెబితే అబద్ధమవుతుంది.”

ఇంటికి వెళ్ళి అమ్మకి అంతా చెప్పింది పాపాయి. అమ్మ బట్టలు మడత పెడుతూ విన్నది.

“ఆ ఫలితాలు వచ్చిన రోజు నన్ను అడిగారు మీ నాన్న, ‘పాపాయి ఏమైనా అందా?’ అని. ఏమీ అనలేదన్నాను. ‘అడుగుతుందిలే’ అన్నారు. మర్నాడూ అడిగారు. కొన్నాళ్ళకి నీకు రైల్వే ఉద్యోగం వచ్చింది. ఇక అడగలేదు.”

“నాకెందుకు చెప్పలేదు నువ్వు?”

“రాయబారానికి నన్నెవరు పంపారు? తండ్రీ కూతుళ్ళు మూతులు బిగించుకుని కూర్చున్నారు. ఎవరు ముందు విప్పుతారా అని నేను గుమ్మంలో నిలబడి చూశాను. చూస్తూనే ఉన్నాను.” అమ్మ చీర మడత సరిగ్గా రాక మళ్ళీ విప్పింది. “నాకు మాత్రం ఎవరు చెప్పారు ఏమైనా?”

ఆ వారమే కార్యక్రమం ప్రసారమైంది. పాపాయి మాటల్లో ఒక్కటీ కత్తిరించలేదు. మర్నాడు రైల్వే స్టేషన్‌లో టికెట్ కలెక్టరు గాజు గదిలోకి తల పెట్టి, “అక్కా, రేడియోలో కుళ్ళు అని అనేశావేంటి?” అన్నాడు.

“ఉంది కాబట్టి అన్నాను. ఏం, నీకు లేదా ఎవరి మీదా?”

అతను, “మా తమ్ముడి మీద ఉంది,” అని, అదే పెద్ద బరువు దించుకున్నట్టు వెళ్ళిపోయాడు.

రెండు వారాలు గడిచాక పాపాయే పిచ్చుకకి ఫోన్ చేసి ఇంటికి రమ్మంది. ఎందుకని ఆవిడ అడగలేదు. ఆదివారం సాయంత్రం వచ్చింది. ముగ్గురూ టీలు తాగారు. ఎండల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. పాపాయి అడగాలనుకున్నవన్నీ గొంతు దాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఆ పోలిక తనకెక్కడిదో తెలుసు కాబట్టి తన మీద తనకే విసుగొచ్చింది. చివరికి నోరు విప్పింది అమ్మ.

“ఏమ్మా, ఆయన అక్కడ నవ్వేవారా?”

పిచ్చుక కప్పు కింద పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పాలా వద్దా అని పాపాయి మొహంలోకి చూసింది. “చెప్పండి,” అంది పాపాయి.

“బాగా నవ్వేవారండీ. అత్త వేషాల ఆవిడ జోకులేస్తే స్టూడియో తలుపులు మూసినా వరండాలోకి వినిపించేది.”

అమ్మ తల పంకించింది. ఆవిడ కింది పెదవి కొంచెం బిగుసుకుంది. నలభై అయిదేళ్ళ కాపురంలో ఇటుకల సవతి మీద వేళాకోళాలే తప్ప ఒక్కనాడూ ఫిర్యాదు చేయని మనిషి, “అలాగా,” అని గోడ వైపు తిరిగింది. ఆ మొహం చూసి పాపాయికి ఇన్నేళ్ళూ ఈ మంట తనొక్కదానిదే అనుకోవడం ఎంత తప్పో అర్థమైంది. లేచి వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంది.

పిచ్చుక నొచ్చుకుంది. “అడిగారు కదా అని చెప్పేశాను. నేను వెళ్ళొస్తానండీ.”

“వెళ్ళకండి,” అంది పాపాయి. ఆవిడ మీద ఈర్ష్య ఇంకా అలాగే ఉంది. ఎంత ఉందంటే, ఆ క్షణంలో ఆవిడ తలలో ఉన్నదంతా లాగేసుకోవాలనిపించింది. “ఎలా నవ్వేవారు?”

“అంటే?”

“స్టేషన్‌లో చెప్పుకుంటుంటే విన్నాను, మీరు ఎవరి గొంతైనా దించేస్తారట కదా. నవ్వి చూపించండి.”

పిచ్చుక మొదట సిగ్గుపడింది. తర్వాత కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ముందు ముక్కుతో రెండుసార్లు ఎగబీల్చి, ఆ తర్వాత ఆపుకోలేక బద్దలైనట్టు నవ్వింది. మగ నవ్వు, పొట్టలోంచి వచ్చే నవ్వు. అమ్మ ఉలిక్కిపడి ఇటు తిరిగింది.

“పెళ్ళైన కొత్తలో విన్నాను ఈ నవ్వు,” అంది మెల్లగా.

పాపాయి ఎప్పుడూ వినలేదు. కుర్చీ పిచ్చుక దగ్గరికి జరుపుకుంది.

“ఇంకోసారి,” అంది.