కాయిల్ తీశాక

"కాసేపు తీసెయ్ ఊర్మీ, నీకూ హాయిగా ఉంటుంది" అంటూ ఆయనే నా చెవి వెనక కాయిల్ లాగేశారు, జడలోంచి వాడిన పువ్వు తీసినట్టు. శుక్రవారం మధ్యాహ్నం, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. కింద షరఫియా బజారు గోల, ఏసీ హోరు అన్నీ ఒక్కసారే పోయాయి. కాయిల్ జేబులో వేసుకుని ఫోను ఎత్తారు.

మెదడుజ్వరం నా రెండు చెవుల్నీ తినేశాక తలలో ఇంప్లాంటు పెట్టారు. దాని లోపల బ్యాటరీ ఉండదు. బ్యాటరీలతో నడిచే బయటి కాయిల్ అయస్కాంతంతో తలకి అతుక్కుని ఉన్నంతసేపే, ఏ వైరూ లేకుండా చర్మంలోంచి కరెంటు అందుతుంది. డాక్టరు అది చెప్పిన రోజునే ఈయన నవ్వి, "అంటే నా జీతమే నీ చెవులకి కరెంటన్నమాట" అన్నారు. నేనూ నవ్వాను. అప్పట్లో ఆయన ఏమన్నా నవ్వేదాన్ని. తర్వాత మేనేజర్ని తిట్టుకోవాలన్నా, వాళ్ళమ్మతో మాట్లాడాలన్నా కాయిల్ తీసేయడం అలవాటైపోయింది ఆయనకి. పెదవులు చదువుతానని తెలుసు కాబట్టి వీపు తిప్పుకుంటారు. నా విశ్రాంతి కోసమేలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఇవాళ ఫోను తెర మీద కనిపించిన పేరు ఖాదర్ మొహిద్దీన్, కంపెనీలో వీసా పనులు చూసే కర్నూలాయన. ఈయన వీపైతే తిప్పారు గానీ బీరువా అద్దం సంగతి మరిచిపోయారు.

ఈ అరబ్బు దేశంలో భార్య సరిహద్దు దాటాలంటే భర్తే వీసా తీయాలి. ఖురూజ్ ఔదా అంటే వెళ్ళి తిరిగి రావడం. ఖురూజ్ నిహాయీ అంటే ఇక పోవడమే. వారం నుంచి నాతో ఔదా అనే అంటున్నారు. "ఫ్యామిలీ ట్యాక్స్ మళ్ళీ పెంచారు. అమ్మేమో తుంటి విరిగి మంచాన పడింది. రెండు నెలలు తణుకులో ఉండి చూసుకుని వచ్చెయ్."

ఔదాకి మూతి గుండ్రమై తెరుచుకుంటుంది. అద్దంలో ఆయన పెదవులు పక్కలకి సాగాయి, పళ్ళు కనిపించాయి. నిహాయీ. మళ్ళీ అన్నారు, నిహాయీ. తర్వాత 'అమ్మ' అన్నారు. ఆ మాట ఎవరి మూతి మీదైనా ఇట్టే తెలిసిపోతుంది.

భయమేసింది. చాలా భయమేసింది. "ఆ డబ్బీ తీసేసి పని చేసుకోమ్మా, వచ్చేపోయేవాళ్ళు జడుసుకుంటున్నారు" అని అత్తయ్య కిందటిసారి నాతోనే అన్నారు. "చెవిటిదైతే ఏంలే, ఎదురు చెప్పదు" అని ఆడపడుచుతో అన్నది కూడా నేను చదివాను. అక్కడ బ్యాటరీలు అయిపోతే ఎవర్ని అడగాలి? కాయిల్ పాడైతే ఎవరు కొనిపెడతారు? ఆ మంచం పక్కన బెడ్‌పాన్ పట్టుకుని, ఎవరేమంటున్నారో తెలియకుండా ఎన్నేళ్ళు? చొక్కా మాడుతున్న సంగతి వాసనొచ్చాక తెలిసింది.

ఫోను పెట్టేసి ఇటు తిరిగారు.

"నిహాయీ ఎందుకండీ?" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలీదు. ఆయన ముఖం పాలిపోయింది. పక్కింటి కిటికీ వైపు చూసి, కంగారుగా జేబులోంచి కాయిల్ తీసి నా తలకి పెట్టబోయారు. పెట్టాక మెత్తటి గొంతుతో ఏదో చెప్తారు. ఆ గొంతు వింటే చాలు, నేను ఎప్పుడూ ఒప్పేసుకుంటాను.

కాయిల్ ఆయన చేతిలోంచి తీసుకున్నాను. తలకి పెట్టుకోలేదు, గుప్పిట్లో పట్టుకున్నాను. పెదవులు బాగా కనబడేలా లైటు వేసి, ఆయనకి ఎదురుగా కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పండి," అన్నాను, "నా వైపు తిరిగి."