రోజుకి ఆరువందల మంది

అమలాపురంలో ‘కోనసీమ కబురు’ పత్రికకి శ్రీవాణి వెబ్‌సైట్ మేనేజరు. విజిటింగ్ కార్డు మీద అలాగే ఉంటుంది. ఎడిటరు కాశీవిశ్వనాథంగారు మాత్రం వచ్చినవాళ్ళందరికీ "మా కంప్యూటరమ్మాయి" అని పరిచయం చేసేవారు. ఆయన దృష్టిలో చేతికి సిరా అంటనిది అసలు పత్రికే కాదు.

2008 వేసవిలో ఒకరోజు ఆయన తేల్చి చెప్పేశారు.

"ఈ సైటు ఎవరు చూస్తున్నారమ్మా? నెలాఖరుకి మూసేద్దాం. నువ్వు ఇంకోచోట ఏదన్నా చూసుకో."

శ్రీవాణి గబగబా లెక్క తీసి చూపించింది. రోజుకి ఆరువందల మంది! పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. మర్నాడు ఆ అంకెని మొదటి పేజీలో తన ఫొటో కంటే పెద్దగా వేయించారు.

ఆ సంబరం రెండు రోజులు కూడా నిలవలేదు. తీరిగ్గా చూసుకుంటే అది మనుషుల లెక్క కాదు, సైటు తెరిచినసార్ల లెక్క; ఆరువందల్లో అయిదువందల యాభై ఒక్కచోటి నుంచే వస్తున్నాయి. ఉప్పలగుప్తంలో గంగబాబు నెట్ సెంటరు. ఎడిటరుగారికి తెలిస్తే ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవలసిందే. ఎవడో ఆకతాయి పనే అని పళ్ళు నూరుకుంటూ బస్సెక్కింది.

నెట్ సెంటరు గుమ్మంలో నల్లబల్ల. దాని మీద ఆ రోజు కరెంటు కోత వేళలు, ఊరూరికీ విడివిడిగా. చుట్టూ మోటారు సైకిళ్ళ మీద రొయ్యల రైతులు. చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే యంత్రాలు ఆగితే రొయ్యలు బతకవు. కోత ఎప్పుడో ముందే తెలిస్తే జనరేటరు సిద్ధం చేసుకుంటారు. పత్రిక అచ్చయ్యాక మారిపోయే ఆ వేళల్ని సబ్‌స్టేషనుకి ఫోన్ చేసి కనుక్కుని సైటులో పెట్టేది శ్రీవాణే.

"మా సైటు అన్నిసార్లు తెరిచేది మీరేనాండీ?"

"ఆయ్, నేనేనండీ!" అన్నాడు గంగబాబు. "తొమ్మిదింటికి పెడతామని రాసేరు కదండీ. మీరేమో పదిన్నరకి గానీ పెట్టరు. వీళ్ళేమో నా నెత్తి మీద కూర్చుంటారు. అందాకా నొక్కుతూనే ఉంటానండీ, ఏం చెయ్యమంటారు?"

శ్రీవాణికి తల కొట్టేసినట్టయింది. తొమ్మిది నుంచి పదిన్నర దాకా తను అకౌంట్స్ కృష్ణవేణితో టీ తాగుతూ సీరియల్ కబుర్లలో ఉంటుంది. ఎవరు చూస్తారని ఎడిటరుగారు పైకి అన్నారు, తను లోపల అనుకుంది. అంతే తేడా.

మర్నాటి నుంచి తొమ్మిది కొట్టేసరికి వేళలు సైటులో ఉండేవి. వారం తిరిగేసరికి అంకె యాభైకి పడిపోయింది. ఎడిటరుగారు పిలిపించారు. శ్రీవాణి ఏదీ దాచలేదు, టీతో సహా చెప్పేసింది. పోతే పోయింది ఉద్యోగం అనుకుంది.

ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఆ బల్ల మీద మన పత్రిక పేరు రాస్తున్నాడా?"

"అన్నిటికంటే పైన రాస్తున్నారండీ, సుద్దముక్కతో. నేనున్న గంటలోనే నలభై మంది చదివేరండీ."

మర్నాడు ఉప్పలగుప్తం వెళ్ళే పేపర్ల కట్టతో పాటు ఒక సుద్దముక్కల పెట్టె కూడా వెళ్ళింది. దాని మీద కాశీవిశ్వనాథంగారు తన సిరా పెన్నుతో స్వయంగా రాశారు: ‘పంపినవారు, శ్రీవాణి, వెబ్‌సైట్ మేనేజరు.’