ఇంకొకటి ఉందిగా

కిటికీల లోపలివైపు పట్టిన చెమ్మను గుడ్డతో తుడిచి, పిండి, మళ్ళీ తుడవడంతో గ్లెనిస్‌కి తెల్లవారుతోంది. కొత్త పడవ, ఇంకా రంగు వాసన కూడా పోలేదు. మనుషులిద్దరూ, పిల్లులు రెండూ రాత్రంతా వదిలిన ఊపిరి పొద్దుటికల్లా నీళ్ళై గాజు మీద కారుతుంది. ఆ తర్వాత పిల్లుల ఇసుక పళ్ళెం. అదయ్యాక మరుగుదొడ్డి డబ్బా, దాన్ని కాలువ గట్టు వెంట మోసుకెళ్ళి, పారబోసి, కడిగి తేవాలి. "ఇంజను సంగతి నాది, లోపలి సంగతి నీది" అని భర్త మాల్కమ్ పడవెక్కిన రోజే పంచేశాడు. ఇంజను రోజూ పాడవదు. లోపల రోజూ మాస్తుంది.

ఇల్లు అమ్మి పడవ కట్టించుకుని, ఇంగ్లండు కాలువలన్నీ తిరుగుతూ బతకాలన్నది మాల్కమ్ కోరిక. అందరితో మాత్రం "మా ఇద్దరి కల" అనేవాడు. బడి వంటశాలలో ఉద్యోగం మానేసే రోజున తోటివాళ్ళు గ్లెనిస్‌ని అదృష్టవంతురాలివన్నారు. ఆమె కూడా అవునంది. పడవ కట్టేచోటికి వెళ్ళినప్పుడల్లా ఆయన కొలతలు మాట్లాడుతుంటే, ఈమె టీ కప్పు పట్టుకుని పక్కన నిలబడేది. ఎవరూ ఏమీ అడగలేదు. వంటబల్ల మాల్కమ్ ఎత్తుకి సరిపడా కట్టారు. వండేది గ్లెనిస్, అందుకని చెక్కపీట మీద నిలబడి ఉల్లిపాయలు తరుగుతుంది. ఇక పేరు. పడవను నీళ్ళలోకి దించిన రోజున మాల్కమ్ పక్కకి కప్పిన గుడ్డ లాగేశాడు. ఎర్ర రంగు మీద బంగారు అక్షరాలు: లేడీ ఎడ్నా. వాళ్ళమ్మ పేరు. "అమ్మ చూసుంటే మురిసిపోయేది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, గ్లెనిస్ కూడా కొట్టింది. మంచాన పడ్డ ఎడ్నా పక్కలు మార్చి, గిన్నెలెత్తి, టీ చల్లారిందని ఆవిడ విసిరిన కప్పు ముక్కలు ఏరినన్నాళ్ళూ ఆవిడది ఒక్క గదే కదా అని సరిపెట్టుకుంది. ఇప్పుడు ఆవిడ కడుపులోకే కాపురానికి వచ్చింది.

ఆమె పట్టుబట్టింది ఒక్క పిల్లుల విషయంలోనే. బార్లీ కుర్రది, పసుపురంగు పిల్లి. టాన్సీ ముసలిది, బూడిదరంగు చారలది. బడి వంటశాల వెనక, చెత్తడబ్బాల మధ్య దొరికింది. జంతువుల శరణాలయానికి ఇచ్చెయ్యమని మాల్కమ్ అంటే, అవి రాకపోతే తనూ రానని చెప్పింది. ఆయన దాన్ని జోకు చేసి స్నేహితులందరికీ చెప్పాడు. పడవ కదిలిన దగ్గర్నుంచి, ఇంజను మోగితే చాలు, రెండూ స్నానాలగది పలక వెనక దూరిపోతున్నాయి. టాన్సీ తిండి మానేసింది. వాటికి అలవాటయ్యేదాకా పక్కతలుపు తెరవద్దని ఆ పొద్దున్న మళ్ళీ బతిమాలింది. "అలాగేలే, పిల్లుల రాణీ" అన్నాడు మాల్కమ్, బేకన్ నములుతూ.

చినుకులు పడుతుండగా, నీళ్ళు నింపి పడవను ఎగువ కాలువలోకి ఎత్తే లాకు దగ్గరికి వచ్చారు. పడవ నడపడం మాల్కమ్ పని, దిగి లాకు తెరవడం గ్లెనిస్ పని. కింది తలుపుల్ని నడుముతో నెట్టి మూసి, పైకెళ్ళి, చేతికడ్డీ తొడిగి తూము ఎత్తింది. నీళ్ళు హోరుమంటూ లాకు నిండుతున్నాయి. పడవ మెల్లగా పైకి లేస్తోంది. కుక్కను తిప్పుతూ వచ్చిన జంట ఒకటి పడవను మెచ్చుకుంది. వంటగది చూపిద్దామని మాల్కమ్ లోపలికెళ్ళి పక్కతలుపు బార్లా తెరిచాడు. పడవ తలుపు గట్టుకి సమానంగా లేచేసరికి కుక్క మొరిగింది. అవతలి గట్టు మీద బూడిదరంగు మెరుపులాంటిది దాటి, ముళ్ళపొదల్లో కలిసిపోవడం గ్లెనిస్ చూసింది.

తూము దించేసి పరుగెత్తింది. కుక్కవాళ్ళు క్షమించమని చెప్పి వెళ్ళిపోయారు. పొదల్లో చేతులు పెట్టి, ముళ్ళు గీసుకుపోతున్నా టాన్సీ కోసం వెతికింది. గట్టిగా పిలిస్తే బెదురుతుందేమోనని గుసగుసగా పిలిచింది. వెనక ఇంకో పడవ వచ్చి ఆగింది. మాల్కమ్ రెండుసార్లు హారను కొట్టాడు, తర్వాత దిగి వచ్చాడు.

"జనం ఎదురుచూస్తున్నారు గ్లెన్. పద."

"ఇక్కడే పోయింది. ఇక్కడికే వస్తుంది. ఇవాళ ఆగుదాం."

"లాకు దగ్గర పడవ కట్టెయ్యకూడదు. పైన రాత్రికి చోటు కూడా చెప్పుంచాను." ఆయన ఆమె భుజం తట్టాడు, దయగానే. "ముసలిదే కదా. బాధపడకు. ఇంకొకటి ఉందిగా."

గ్లెనిస్ చెయ్యి పొదలోనే ఉండిపోయింది. ఈ మాట ఇదివరకే విన్నది. ఇదే గొంతులో, ఇలాగే భుజం తడుతూ. కూతురు జోసీ తర్వాత పుట్టిన బిడ్డ ఊపిరి తీయలేదు. ఆసుపత్రి మంచం మీద పాలతో రొమ్ములు రాళ్ళై, గౌను తడిసిపోతుంటే, మాల్కమ్ కోటు తొడుక్కుంటూ అన్నాడు: బాధపడకు, జోసీ ఉందిగా. ఆయన చెడ్డవాడు కాదు, అంతా అదే అన్నారు. ఆమె సరేనని లేచింది. ఇంటికెళ్ళి వంట చేసింది. ఆ బిడ్డకి పేరు పెడదామని కూడా అడగలేకపోయింది. అడిగుంటే ఎడ్నా అనేవాడేమో. ఇన్నేళ్ళూ ఒకటి పోతే ఇంకొకటి ఉందనుకుంటూ ఇచ్చుకుంటూ వచ్చింది. ఉద్యోగం, తోట, ఇల్లు. ఇప్పుడు వెనక్కి వెళ్ళడానికి ఒక గుమ్మమైనా లేదు. జోసీ ఇంట్లో సోఫా ఉంది, అదీ ఎన్నాళ్ళు? అయినా లేచి లాకు దగ్గరికి వెళ్ళింది.

తూము ఎత్తింది. నీళ్ళు నిండాయి. పైతలుపు తెరిచింది. పడవ బయటికి వచ్చాక, వెనకవాళ్ళ కోసం తలుపు మూసి, గట్టు వెంట నడిచి పడవ పక్కకి వచ్చింది.

"ఎక్కు" అన్నాడు మాల్కమ్.

"బార్లీని బుట్టలో పెట్టి ఇటు అందించు. నా కోటు కూడా."

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. బుట్ట తెచ్చాడు, కోటు తెచ్చాడు. ఎక్కడ ఉంటావని గాని, ఏం తింటావని గాని అడుగుతాడని ఆమె చూసింది. అడిగితే ఏమయ్యేదో.

"మరి తర్వాతి లాకు ఎవరు తెరుస్తారు?" అన్నాడు మాల్కమ్.

గ్లెనిస్ తూములెత్తే చేతికడ్డీని పడవ పైకప్పు మీద పెట్టింది.

పడవ వంపు తిరిగి, ఇంజను చప్పుడు వినబడకుండా పోయేదాకా వానలో నిలబడింది. తర్వాత పొదలవైపు తిరిగి, గొంతెత్తి పిలిచింది. తన జీవితంలో దేన్నీ ఆమె అంత గట్టిగా పిలవలేదు.