ముందు చేయని ఫోల్డర్

"మౌసు వదిలెయ్ వదినా," అన్నాడు మా మరిది. "ఈ పాత కంప్యూటర్లో ఒక్క ఫోల్డర్ తెరవాలన్నా తెల్లారిపోతుంది. కమాండ్ కొడితే చిటికెలో పని."

అతను ఏదో నొక్కగానే తెర నల్లగా మారింది, కమాండ్లు అందులోనే కొట్టాలట. ఒక ఖాళీ ఎక్కువైనా ఒప్పుకోదు, ఒక చుక్క తక్కువైనా ఒప్పుకోదు. సరిగ్గా కొడితే మాత్రం నోరు మెదపదు. తప్పు చేస్తేనే మాట్లాడుతుందట. ఇదేం మర్యాదో.

ఈ తంటా అంతా మా ఆయన గొంతు కోసం. ఆపరేషన్ చేస్తే మాట పోతుందని డాక్టర్ ముందే చెప్పారు. అందుకని మనవరాలికి కథలు, జోలపాటలు, ఆయన చిన్ననాటి సంగతులు ఫోన్లో రికార్డు చేశారు. ఫోన్ నిండిపోతే అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోన్లోవి తీసేశాం. ఇప్పుడాయనకు మాట లేదు. రికార్డులేమో నా కుట్టుపని బిల్లుల మధ్య చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని 'గొంతు' అనే ఫోల్డర్లోకి చేర్చాలి.

"నక్షత్రం గుర్తు పెట్టు, అన్నీ ఒకేసారి వెళ్తాయి."

"గంపగుత్త బేరాలు నాకొద్దు," అన్నాను. కత్తిరించిన గుడ్డముక్కల్ని కూడా ఒక్కొక్కటే చూసి పెట్టుకునే దాన్ని. మరిది విసుక్కుని టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లాడు. నేను ఒక్కో ఫైలు పేరూ కొట్టి, చివర 'గొంతు' అని రాసి పంపాను. తెర నోరు మెదపలేదు. పని వచ్చేసిందే అని మురిసిపోయాను.

అతను తిరిగొచ్చి చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఫోల్డర్ ముందు చేశావా వదినా?"

"పేరు రాస్తే అదే చేసుకోదూ?"

"చేసుకోదు. మొదటి ఫైలుకే ఆ పేరు పెట్టేసింది. తర్వాత పంపిన ప్రతిదీ ముందుదాన్ని తీసేసి దాని చోట కూర్చుంది. నక్షత్రం పెట్టి ఉంటే, అలాంటి ఫోల్డర్ లేదని ఆపేసేది."

ఒళ్లు మండిపోయింది. చుక్క తప్పితే అంత గోల చేసే ముండ, కొంప మునుగుతుంటే ఒక్క మాట అడగలేకపోయిందా? మరిది మీద అరిచాను. అతను పాపం ఏదో ప్రోగ్రాం తెచ్చి చాలాసేపు వెతికాడు. ఏమీ దొరకలేదు. మిగిలింది నేను ఆఖరున పంపిన ఫైలు ఒక్కటే. దాన్ని వినిపించాడు.

"ఏమేవ్, కాసేపు ఆ మిషన్ ఆపు. కథ చెబుతున్నా కదా. నిన్నే, ఆపవే."

అంతే. మిగతాదంతా నా కుట్టుమిషన్ చప్పుడు.

మా ఆయన ఎప్పుడొచ్చారో, వెనకే నిలబడి ఉన్నారు. "అన్నీ నేనే పోగొట్టాను," అన్నాను ఏడుపు ఆపుకోలేక. ఆయన నన్ను పక్కకి జరిపి కుర్చీలో కూర్చున్నారు. దాన్నే మళ్లీ పెట్టారు. అయిపోగానే మళ్లీ పెట్టారు.

"వినిపించిందండీ, ఇక ఆపండి."

ఆయన సౌండు పెంచారు.