త్రివేణి చదువు, నాగరాణి లెక్క

త్రివేణికి క్రిమినాలజీ డిగ్రీలో సీటొచ్చిందన్న మాట చెవిన పడగానే నాగరాణి తింటున్న కంచం పక్కకు నెట్టేసింది. త్రివేణి చిన్నాయిన కూతురు, తనకంటే నాలుగేళ్లు చిన్నది. ముక్కు తుడిచి, జడలేసి బడికి తీసుకుపోయింది తనే. ఆ పిల్ల ఇప్పుడు షాద్‌నగర్ దగ్గర ఏదో ప్రైవేటు యూనివర్సిటీలో నేరాలు, కోర్టులు, జైళ్ల గురించి మూడేళ్లు చదివి పెద్ద పోలీసాఫీసరవుతుందట! మరి నాగరాణి రెండుసార్లు కానిస్టేబుల్ పరీక్ష రాసింది. మొదటిసారి పరుగులో పోయింది, రెండోసారి రెండు మార్కుల్లో పోయింది. ఆ ఇంట్లో ఖాకీ బట్టలంటూ ఎవరైనా వేస్తే తనే వేయాలని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది.

వాళ్లది రామన్నపేట పక్క ఊరు, గొర్రెల ఇల్లు. నాగరాణి తండ్రి లింగస్వామి, త్రివేణి తండ్రి బాలస్వామి అన్నదమ్ములు. వేరు పడలేదు, నూటపది జీవాల మంద ఒక్కటే. పెత్తనం తాత గోపయ్యది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్ల పుడితే ఆమె పేరున ఒక గొర్రెను విడుస్తారు, దాని సంతానమంతా ఆ పిల్లదే. నాగరాణి పేరు మీది గొర్రె మహా చురుకుది, ఇరవై రెండయింది. త్రివేణిది తొమ్మిది దగ్గరే ఆగింది. చదువుకు సగం డబ్బు బ్యాంకు అప్పు, మిగతా సగానికి ఇరవై అయిదు గొర్రెల్ని అమ్మాలి. తక్కువపడ్డ పదహారు ఎవరి వాటాలోంచి పోతాయో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు గానీ, అందరి చూపూ నాగరాణి మీదే.

"నువ్వే లెక్క సూడు బిడ్డా, పోలీసోళ్ల సంగతి నీకే ఎరుక," అన్నాడు తాత.

ఇంతకంటే ఏం కావాలి! నాగరాణి ఆ డిగ్రీ చేసినవాళ్ల నంబర్లు సంపాదించి, ఇద్దరితో మాట్లాడింది. ఆదివారం పొద్దున దొడ్డి దగ్గర అందరూ కూర్చున్నారు. గోపయ్యకు రూపాయల్లో చెబితే ఎక్కదు, ఏదైనా గొర్రెల్లోనే చెప్పాలి.

"మూడేండ్లకు నాలుగున్నర లక్షలు తాతా. అంటే యాభై గొర్రెలు. గా డిగ్రీ చేసినామె ఒకామె సెక్యూరిటీ ఆఫీసుల చేస్తాంది. నెలకు పదహారు వేలు. ఇంకొకామె గంత చదివి మళ్ల కానిస్టేబుల్ కోచింగ్‌ల కూసున్నది. కానిస్టేబుల్‌కు ఇంటర్ సాలు. చేరంగనే ముప్పై వేల మీదనే. అప్పు ఉండది, గొర్రె పోదు."

అక్కడితో ఆగితే బాగుండేది. కడుపులో మంట ఆగనిస్తేగా?

"అమ్మే ఇరవై అయిదు మందల ఉంటే మూడేండ్లల్ల నూటపది పిల్లల్ని పెడ్తయి. గవి సుత పోయినట్టే," అంది.

గోపయ్య గడ్డం గోక్కున్నాడు. "నీ లెక్కల ఒక్క పిల్ల సుత సావలేదేంది బిడ్డా? చిటుక రోగం రాలే, కుక్క పట్టలే. గిసొంటి మందను నా జన్మల సూడలే!"

అందరూ గొల్లున నవ్వారు. నాగరాణి మొహం కందిపోయింది. గొర్రెల ఇంట పుట్టిన పిల్ల చావులు మరిచి లెక్క కట్టిందంటే, మనసులో ఏముందో ఆ ముసలాయనకు తెలియక కాదు.

"పిల్లల ముచ్చట ఇడువుండ్రి," అన్నాడాయన మళ్లీ. "పదహారు వేలతోని అప్పు తీరది. గది మాత్రం నిజం. సీటు వద్దని చెప్పుండ్రి."

త్రివేణి ఏడుస్తుందని నాగరాణి ఆశగా చూసింది. ఆ పిల్ల లేచి వచ్చి పక్కన చేరింది.

"నిజమే అక్కా. ఇంటర్ సాలంటున్నవ్ గదా? గయితే నేను సుత నీతోని కానిస్టేబుల్ రాస్త."

నాగరాణి నాలుక కరుచుకుంది. ఆ దారి చూపించింది తన నోరే.

తర్వాత వచ్చిన నోటిఫికేషన్‌కు ఇద్దరూ రాశారు. చిన్నప్పటినుంచీ గుట్టల్లో గొర్రెల వెంట ఉరికిన కాళ్లు త్రివేణివి. పరుగులో ముందు, పరీక్షలోనూ ముందే. ఈసారి నాగరాణి ఒక్క మార్కులో పోయింది. "నాగరాణి లెక్క చెప్పబట్టే గదా పిల్ల బాగుపడ్డది," అని ఊళ్లో కనబడ్డవాళ్లల్లా మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఒక్కొక్కటీ పుండు మీద కారమైంది.

ట్రైనింగ్ ముగిసి, రెండో జీతం అందాక త్రివేణి సెలవు మీద ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ ఒక ఫారం తెచ్చింది.

"గదే డిగ్రీ అక్కా. డ్యూటీ చేసుకుంటనే దూరవిద్యల చదువొచ్చట. ఏడాదికి పన్నెండు వేలు. నా జీతంల కట్టొచ్చో లేదో జర సూసి చెప్పు. నువ్వు వద్దంటే ఇడిచిపెడ్త."

ఖాకీ దానికే, డిగ్రీ కూడా దానికేనా! నాగరాణికి ఒళ్లంతా మండింది. వద్దంటే మానేస్తుంది, ఒక్క అంకె అటూ ఇటూ చేస్తే చాలు. పెన్ను తీసుకుని గది కిరాయి రాసింది, తిండి ఖర్చు రాసింది, ఇంటికి పంపేది రాసింది. రోగాలు, రొష్టులు, పెళ్లిళ్లకు పెట్టే కట్నాలు కూడా రాసింది. ఎన్ని కలిపినా జీతం ఇంకా మిగులుతోంది. మొదటినుంచి మళ్లీ కూడి చూసింది, అదే లెక్క.

"కట్టు," అంది చివరికి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

త్రివేణి చెయ్యి పట్టుకుంది. "నేను సదువుతున్ననని సంతోషమా అక్కా?"

"కాదే. కుళ్లు."

పరాచికమనుకుని త్రివేణి పకపకా నవ్వింది. నాగరాణి నవ్వలేదు.